పెరటి కోళ్లు రోజూ గుడ్డు ఎందుకు పెట్టవు?

నాలుగు పెట్టలుంటే ఒకరోజు మూడు గుడ్లు, మర్నాడు ఒక్కటే వస్తోంది, జబ్బేమోనని మీ టెన్షన్. చాలావరకు జబ్బు కాదు. కోడి కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే. అందుకే ఇవాళ 8 గంటలకు పెట్టిన పెట్ట రేపు 9కి, ఎల్లుండి ఇంకా ఆలస్యంగా పెడుతుంది. అలా మధ్యాహ్నం దాటాక ఒకరోజు ఎగ్గొట్టి, మళ్లీ పొద్దున్నే మొదలెడుతుంది.

వారాల తరబడి ఆగితే మాత్రం ముందు వెలుతురు చూడండి. రోజుకు 14 గంటలకన్నా తగ్గితే గుడ్లూ తగ్గుతాయి. ఈకలు రాలుస్తున్న పెట్ట రెండు మూడు నెలలు పెట్టకపోవచ్చు. గూట్లోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడిచేదైతే పొదుగుకొచ్చినట్టే, అంటే గుడ్లు పొదగడానికి కూర్చుంది, అందుకే పెట్టడం ఆపేసింది.

కోడిని పట్టుకుని గుడ్డు వచ్చే ద్వారం పక్కనున్న రెండు ఎముకల మధ్య తడమండి. రెండు మూడు వేళ్లు పట్టి, ద్వారం వెడల్పుగా తడిగా ఉంటే అది పెడుతూనే ఉంది. ఇక పొదల్లో, కట్టెల వెనక వెతకండి! ముడుచుకుని కూర్చుని మేత మానేస్తే మాత్రం పశువైద్యుడికి చూపించాలి.