సీలు తెగితే వారంటీ పోయినట్లేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కిందటి దసరాకు హైదరాబాద్‌లోని ఒక షోరూములో 50,000 రూపాయలు పెట్టి గేమ్ కన్సోల్ కొనిచ్చాను. బిల్లు నా పేరు మీద ఉంది. ఏడాది వారంటీ. ఎనిమిది నెలలు గడిచేసరికి, ఆట మొదలుపెట్టిన అరగంటకే వేడెక్కి ఆగిపోవడం మొదలైంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు కానీ రెండు వారాలైనా ఎవరూ పలకలేదు. ఈలోపు మావాడు వీడియో చూసి మూత తీసి, ఒక స్క్రూ మీదున్న సీలు స్టిక్కరు చించి, ఫ్యానుకు పట్టిన దుమ్ము బ్రష్షుతో దులిపాడు. అయినా ఆగిపోతూనే ఉంది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, సీలు తెగింది కాబట్టి వారంటీ చెల్లదు, మదర్‌బోర్డు మార్చాలి, 27,000 అవుతుందన్నారు. ఆ మాట రాసివ్వమంటే ఇవ్వలేదు. వాళ్లు చెప్పింది సరైనదేనా? బయట బాగు చేయించుకోవచ్చా? కేసు వేయాలంటే హైదరాబాద్ చుట్టూ తిరగాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సీలు తెగినంత మాత్రాన మీ హక్కులన్నీ పోయాయని అనుకోకండి. సర్వీస్ సెంటర్ కౌంటరులో కూర్చున్న వ్యక్తి చెప్పిన మాట చట్టం కాదు. యంత్రం ఎందుకు చెడిపోయిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా స్టిక్కరు చూపించి మిమ్మల్ని వెనక్కి పంపడం అన్యాయం.

ముందు వారంటీ కార్డు తీసి చదవండి. కార్డుల్లో సాధారణంగా రెండు రకాల షరతులు కనిపిస్తాయి. అనధికారిక వ్యక్తులు విప్పడం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదన్నది ఒకటి. సీలు తొలగిస్తే వారంటీ మొత్తం రద్దవుతుందన్నది రెండోది. మీ కార్డులో మొదటిది ఉంటే మీ పని చాలా సులువు, ఎందుకంటే దుమ్ము దులపడం వల్లే మదర్‌బోర్డు పోయిందని కంపెనీ చెప్పుకోవలసి వస్తుంది. రెండోది ఉంటే వాదన కష్టమవుతుంది కానీ దారి మూసుకుపోదు.

ఈ రెండో రకం షరతును మన దేశంలో, మార్కెట్లో పోటీకి అడ్డంకులు లేకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా తప్పుపట్టింది. 2014 ఆగస్టులో కార్ల కంపెనీల కేసులో ఇచ్చిన ఉత్తర్వు అది. విడిభాగాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 14 కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేస్తూ, బయట బాగు చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదని చెప్పింది. బయటి మరమ్మతు సరిగా చేయకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చంది. జరిమానా మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. పైగా అది పోటీ చట్టం కింద కార్ల గురించి వచ్చిన ఉత్తర్వు కాబట్టి మీ కన్సోల్‌కు నేరుగా వర్తించదు. కానీ అందులోని తర్కాన్ని వినియోగదారుల కమిషన్ ముందు మీరు నిక్షేపంగా ఎత్తిచూపవచ్చు, చూపాలి కూడా.

అమెరికాలో ఈ విషయం మరింత స్పష్టంగా ఉంది. అక్కడ వారంటీల మీద 1975 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. సీలు తీస్తే వారంటీ రద్దంటూ అంటించే స్టిక్కర్లు ఆ చట్టానికి విరుద్ధం కావచ్చని 2018లో వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. వాటిలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో ఉన్నాయి. అంటే ప్రపంచంలో గేమ్ కన్సోళ్లు అమ్మే ప్రధాన కంపెనీలు మూడూ ఉన్నాయన్నమాట. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఆ లోటు మన వినియోగదారులకు రోజూ తగులుతూనే ఉంది. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, తర్వాత పోర్టల్ తెరిచింది. అది సమాచారం ఇస్తుందే తప్ప మీ చేతికి అమలు చేసుకోదగ్గ హక్కు ఇవ్వదు.

ఇక మీ కేసులోని బలం ఎక్కడుందో చెబుతాను. యంత్రం ఆగిపోతోందని మీరు ఫిర్యాదు చేసినప్పటికి సీలు చెక్కుచెదరలేదు. ఆ ఫిర్యాదు నంబరు, ఫోన్‌కు వచ్చిన సందేశం, తేదీ మీ దగ్గర ఉన్నాయి. లోపం ముందు వచ్చింది, మూత తీయడం తర్వాత జరిగింది. మీరు గెలిస్తే ఈ వరస వల్లే గెలుస్తారు. ఆ సందేశాన్ని ఫోన్‌లోంచి చెరపకండి. స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు పెట్టుకోండి, ఫోను కూడా మార్చకండి.

అయితే అబ్బాయిని కూర్చోబెట్టి, కోప్పడకుండా, ఏమేమి ముట్టుకున్నాడో పూర్తిగా చెప్పమనండి. పైమూత తీయడం ఒక్కటే పెద్ద విషయం కాదు. ప్లేస్టేషన్ 5నే తీసుకోండి. గేములు దాచుకునే అదనపు స్టోరేజీ (ఎస్‌ఎస్‌డి) పెట్టుకోవడానికి పక్క పలక ఎలా తీయాలో ఆ కంపెనీయే వాడకందారుకు చెబుతుంది. కానీ లోపలికి వెళ్లిన కొద్దీ సంగతి వేరు. అదే యంత్రంలో ప్రాసెసర్‌ను చల్లబరచడానికి ద్రవలోహం వాడారు. వేడిని లాగేసే లోహపు భాగాన్ని, అంటే హీట్ సింక్‌ను, కదిపితే ఆ ద్రవలోహం బోర్డు మీదికి జారి షార్టు కావచ్చు. మీవాడు హీట్ సింక్ విప్పి, పేస్టు మార్చి ఉంటే, ఫ్యాను తీగ లాగి ఉంటే, ఆ మాట మీ తరఫున వాదించేవారికి ముందే తెలియాలి. కంపెనీ ఇంజినీరు బోర్డు ఫొటో తీసి కమిషన్ ముందు పెట్టినప్పుడు మొదటిసారి తెలిస్తే కేసు అక్కడే కూలిపోతుంది. నిజంగా వాడి చేతిలోనే బోర్డు పాడైందని తేలితే కేసుకు వెళ్లమని నేను సలహా ఇవ్వను.

బయట బాగు చేయించడం గురించి: చట్టం మిమ్మల్ని ఆపదు, వస్తువు మీది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో మదర్‌బోర్డు చిప్పు స్థాయిలో పని చేసే మంచి పనితనం ఉన్నవాళ్లు దొరుకుతారు, 27,000 కన్నా చాలా తక్కువకే పని కావచ్చు కూడా. అయినా ప్రస్తుతానికి వద్దంటాను. ఇప్పుడు ఆ కన్సోలే మీ ప్రధాన సాక్ష్యం. ఇంకో చెయ్యి పడిందా, ఏ లోపం ఎవరిదో తేల్చడం ఎవరి వల్లా కాదు. అబ్బాయిని కూడా ఇక విప్పవద్దనండి. కేసు మాట అటుంచి, పవర్ సప్లై లోపలే ఉండే కన్సోళ్లలో ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. వాడి చెయ్యి ఆ యంత్రం కన్నా విలువైనది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. సర్వీస్ సెంటర్‌కు మళ్లీ వెళ్లి జాబ్ షీట్ అడగండి. దాని మీద సీరియల్ నంబరు, యంత్రం తీసుకున్నప్పటి స్థితి, కనిపెట్టిన లోపం, వారంటీ నిరాకరణకు కారణం ఉండాలి. ఇవ్వకపోతే అక్కడే నిలబడి కంపెనీ ఈమెయిల్‌కు, షోరూముకు రాయండి: ఫలానా తేదీన ఫలానా కారణం చెప్పి మౌఖికంగా నిరాకరించారు, రాతపూర్వకంగా ఇవ్వలేదు, మూత తీయడం వల్ల ఏ భాగం ఎలా చెడిందో ఫొటోలతో చూపండి అని. ఈ ఒక్క ప్రశ్నకు చాలాసార్లు సమాధానం రాదు. రాకపోవడమూ మీకు సాక్ష్యమే. తర్వాత 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. చాలా కంపెనీలు ఈ దశలోనే దిగివస్తాయి. ఆన్‌లైన్‌లో కొన్న పాఠకులకు ఇంకో సౌకర్యం ఉంది: 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.

అప్పటికీ కదలకపోతే 15 రోజుల గడువుతో కంపెనీకి, షోరూముకు, సర్వీస్ సెంటర్‌కు ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. హైదరాబాద్ తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గుంటూరులోనే వేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. బిల్లు మీ పేరున ఉన్నా ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. కాబట్టి మీరు ఫిర్యాదుదారు, అబ్బాయి సాక్షి. దాచకుండా తను ఏం చేశాడో అఫిడవిట్ ఇప్పించండి.

లోపం ఉందని చూపాల్సిన మొదటి భారం మీదే. అందుకే ఫిర్యాదుతోపాటే, వస్తువును సీలు చేసి పరీక్షకు పంపమని అదే చట్టం 38వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఖర్చు ముందుగా మీరే కట్టవలసి రావచ్చు, నివేదికకు 45 రోజుల గడువు ఉంటుంది. పరీక్ష అవసరమైన కేసుల్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. కోరికల్లో మొదట ఉచిత మరమ్మతు, లేదంటే కొత్త యంత్రం, అదీ కాదంటే ధర వాపసు అని వరసగా రాయండి. రెండు వారాలు స్పందించనందుకు పరిహారం, ఖర్చులు వేరుగా అడగండి. లక్షల్లో అడిగితే కేసు చులకనైపోతుంది. షరతే అన్యాయమైన ఒప్పందమని కొట్టేయించాలంటే ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. మీకు అంత దూరం అవసరం లేదు. సేవాలోపం, వస్తులోపం అన్న రెండు మాటల మీదే నిలబడండి.

ఇదే విషయం మీద మరికొందరు అడిగినవాటికి కూడా క్లుప్తంగా చెబుతాను. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కన్సోల్‌కు ఇక్కడి కంపెనీ కార్యాలయం వారంటీ ఇవ్వాలని సాధారణంగా పట్టుబట్టలేం. ఏ దేశంలో అమ్మిందో ఆ దేశానికే వారంటీ అని చాలా కార్డుల్లో రాసి ఉంటుంది. గేమింగ్ పార్లర్ కోసం కొన్న యంత్రాల విషయంలో వాణిజ్య అవసరమన్న అభ్యంతరం వస్తుంది. సొంత జీవనోపాధికి స్వయంగా నడుపుకుంటున్నారని చూపగలిగితే దాన్ని దాటవచ్చు. మరమ్మతు పేరుతో మాడ్ చిప్పు పెట్టించి పైరసీ గేములు ఆడటం మాత్రం వారంటీ తగాదా కాదు, నేరం. కాపీరైట్ చట్టం 65ఏ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. మీ అబ్బాయి చేసినట్లు దుమ్ము దులపడానికి మూత తీయడం ఆ సెక్షన్ కిందికి ఏ కోశానా రాదు. సర్వీస్ సెంటర్‌లో ఎవరైనా అలా బెదిరిస్తే ఆ మాట కూడా తేదీతో సహా ఈమెయిల్‌లో రాయండి.