సమాధానం: ట్రేలో నారు సాగిపోయి పడిపోతోంది

కిటికీ పక్కన ట్రేలో పెంచుతున్న టమాటా మొలకలు సన్నగా సాగిపోతున్నాయని, వంగ మొలకలు ఒరిగి పడిపోతున్నాయని అడిగారు కదా, మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఇవి రెండు వేర్వేరు సమస్యలండి. టమాటా మొలకలు సన్నగా పొడవుగా సాగడానికి కారణం వెలుతురు చాలకపోవడం. కిటికీ పక్కన వచ్చే వెలుగు మనకు చాలనిపిస్తుంది కానీ మొలకకు చాలదు. మొలక తల బయటికి కనిపించిన రోజే ట్రే మీద కప్పిన కవరు తీసేసి, ఉదయపు ఎండ తగిలే చోట పెట్టండి.

వంగ మొలకలు మట్టికి ఆనుకున్న చోట మెత్తబడి ఒరిగిపోవడం నారుకుళ్లు అనే తెగులు. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజు జాతి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. పడిపోయినవి మళ్లీ లేవవు, టెన్షన్ పడకుండా వాటిని మట్టితో సహా తీసేయండి. రోజుకు రెండుసార్లు నీళ్లు స్ప్రే చేస్తున్నానన్నారు, ముందు అది ఆపాలి. పైమట్టి కాస్త ఆరాకే, ట్రేని నీళ్ల పళ్లెంలో కాసేపు ఉంచి కింది నుంచి తాగనివ్వండి. ట్రేకి అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఈసారి తోటమట్టి వద్దు, కోకోపిట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) బాగా మాగిన వర్మికంపోస్టు కొంచెం కలిపితే చాలు. పాత ట్రేలైతే సబ్బుతో కడిగి ఎండబెట్టండి.

మొలకతో మొదట వచ్చే రెండు ఆకులు కాకుండా నాలుగైదు అసలు ఆకులు వచ్చాక, వారం రోజులు కొద్దికొద్దిగా ఎండ పెంచుతూ అలవాటు చేసి, సాయంత్రం పూట మడిలో నాటండి. సాగిన టమాటా నారుని పారేయకండి, కాండం సగం దాకా పూడ్చితే అక్కడి నుంచే వేర్లు వస్తాయి. వంగని మాత్రం అంత లోతుగా పెట్టొద్దు. క్యారెట్, ముల్లంగి విత్తనాలు ట్రేలో వేయకుండా నేరుగా మడిలోనే వేసుకోండి.