పట్టుపురుగులకు టానిక్ పడుతుందా?

ప్రశ్న: మల్బరీ ఆకు మీద విటమిన్లు, సోయా పిండి కలిపిన నీళ్లు చల్లి మేపితే పట్టుగూళ్లు బరువు పెరుగుతాయంటున్నారు. నిజమేనా?

జవాబు: కొంత నిజమే. విటమిన్ సి, సోయా ప్రొటీన్, స్పిరులినా (ఒక రకం నాచు పొడి) లాంటివి తగిన మోతాదులో ఇస్తే గూడు బరువు పెరిగినట్టు ప్రయోగాల్లో కనిపించింది, కానీ మోతాదు మించితే పురుగు ఆకు సరిగా తినకపోవచ్చు. ఇస్తే ఐదో దశలో (గూడు కట్టే ముందు చివరి దశలో) ఇవ్వండి, ఎందుకంటే పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా అప్పుడే తింటుంది, పట్టు గ్రంథి పెరిగేదీ అప్పుడే. చల్లిన ఆకును నీడలో ఆరబెట్టాకే వేయండి, తడి ఆకు వేశారా, ఫ్లాచరీ (పురుగులు మెత్తబడి చచ్చే రోగం) టెన్షన్ మొదలు! మరీ ముదిరిపోయిన నాసిరకం ఆకు వేస్తూ టానిక్ కొనడం మాత్రం దండగ. ముందు కొన్ని తట్టల్లో చూడండి.