ఫోన్లో మాటలు బయటికెలా పోతున్నాయి?

ప్రశ్న: అమ్మతో వాట్సాప్‌లో రాసుకున్న సంగతులు మా మరిదికి అక్షరం పొల్లుపోకుండా తెలుస్తున్నాయి. రీచార్జ్ కోసమని అప్పుడప్పుడూ నా ఫోన్ తీసుకుంటాడు. స్క్రీన్ పిన్ అతనికి తెలుసు. ఎలా చదువుతున్నాడు? ఎలా ఆపాలి? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొదట అనుమానించాల్సింది 'లింక్డ్ డివైసెస్'ని, అంటే మీ వాట్సాప్‌ను వేరే పరికరంలోనూ తెరిచే ఏర్పాటుని. ఫోన్ తాళం తీసి, కంప్యూటర్ మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే చాలు, నిమిషంలో పనైపోతుంది. ఒక్క ఖాతాను ఇలా 4 పరికరాలకు కలపొచ్చు. ఆ తర్వాత మీ ఫోన్ ఆపేసి ఉన్నా మెసేజ్‌లు అక్కడికి చేరుతూనే ఉంటాయి.

ముందు మీ ఫోన్ తాళం మార్చండి, ఆ పరికరాన్ని లాగౌట్ చేయడం దాని తర్వాతే. ఈ వరస తప్పితే అతను సాయంత్రానికి మళ్లీ కలిపేసుకుంటాడు. కొత్త పిన్ పెట్టాక ఫింగర్‌ప్రింట్ల జాబితా చూడండి. మీది కాని వేలిముద్ర ఉంటే తీసేయండి. చాలామంది పిన్ మార్చి ఇది మరిచిపోతారు. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో అయితే వాట్సాప్ పైనున్న మూడు చుక్కలు నొక్కి, ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, లింక్డ్ డివైసెస్ తెరవండి. మీకు తెలియని పరికరం పేరు, అది చివరిసారి వాడిన సమయం కనిపిస్తాయి. రేపు ఇంట్లో అడగాల్సొస్తే పనికొస్తుంది కాబట్టి స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాతే లాగౌట్ నొక్కండి.

టూ-స్టెప్ వెరిఫికేషన్ పెడితే సరిపోతుందని కొందరు చెబుతారు. ఆ 6 అంకెల పిన్ మీ నంబరుతో వేరే ఫోన్‌లో ఖాతా తెరవకుండా ఆపుతుందే గాని, ఈ లింకును ఆపదు. అయినా పెట్టుకోండి.

జాబితా ఖాళీగా ఉందా? అయితే నేరుగా మీ ఫోన్లోనే చదువుతున్నాడేమో. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా నోటిఫికేషన్లు దాచండి, అమ్మ చాట్‌ను విడిగా తాళం వేసి దాచే 'చాట్ లాక్' పెట్టండి. ఇక రీచార్జా? నంబరు చెబితే అతని ఫోన్ నుంచే చేయొచ్చు, మీ ఫోన్ ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: పక్కింటాయన ఎదురుపడినప్పుడల్లా జీతమెంతని ఆరా తీస్తున్నాడు. ఏదో ఒక అంకె చెప్పేయనా? - ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. తక్కువ చెబితే జాలి, ఎక్కువ చెబితే అప్పు. 'ఏదో వస్తుందిలెండి' అన్నా ఇంకో ప్రశ్న పడుతుంది. 'అది మా ఇంట్లోనే మాట్లాడుకుంటామండీ' అని నవ్వుతూ చెప్పి, వెంటనే మంచినీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఆయన్నే అడగండి. మళ్లీ అడిగితే అదే మాట, అదే నవ్వు. కొత్త సాకు మాత్రం వెతక్కండి, దాని మీద కూడా ఆరా మొదలవుతుంది.