సాఫ్ట్‌బాల్ స్కాలర్‌షిప్: కోచ్ నోటిమాట ఎంతవరకు చెల్లుతుంది?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది; స్కూలు జట్టులోనూ ట్రావెల్ టీమ్‌లోనూ (ఊరూరా టోర్నమెంట్లు ఆడే ప్రైవేటు జట్టు) సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. ఒక పెద్ద యూనివర్సిటీ కోచ్‌కు వీడియోలు పంపితే క్యాంపు వివరాలు తప్ప మరో జవాబు రాలేదు. టీమ్ కోచ్ మాత్రం ‘‘వాళ్లకు అమ్మాయి నచ్చింది, సీటు ఉన్నట్టే’’ అంటున్నారు. ఆయన పరిచయం చేసిన రిక్రూటింగ్ సంస్థ వచ్చే స్కాలర్‌షిప్‌లో పది శాతం తమకు ఇవ్వాలని ఒప్పందం పంపింది. మేమందరం హెచ్-1బీ (ఉద్యోగ), హెచ్-4 (కుటుంబ సభ్యుల) వీసాల మీద ఉన్నాం. గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందింది, గ్రీన్‌కార్డు వంతు ఇంకా రాలేదు. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి బేస్‌బాల్ ఆడతాడు. ఏ మాటను నమ్మాలి, దేని మీద సంతకం చెయ్యాలి?

సమాధానం: ముందుగా ఆ పది శాతం ఒప్పందం మీద సంతకం చెయ్యకండి. ఆటగాళ్ల వీడియోలు, వివరాలు కాలేజీలకు చేరవేసే సంస్థకు నిర్ణీత రుసుము చెల్లించడాన్ని కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనలు అనుమతిస్తాయి. కాని ఆ రుసుము కాలేజీలో చోటు దొరకడం మీదో, వచ్చిన స్కాలర్‌షిప్ మొత్తం మీదో ఆధారపడితే, ఆ సంస్థను మీ అమ్మాయి తరఫు ఏజెంటుగా లెక్కగడతారు. దానివల్ల ఆమె ఆడే అర్హతే పోయే ప్రమాదం ఉంది. ‘‘సీటు వస్తేనే ఇవ్వండి’’ అనే మాట తల్లిదండ్రులకు న్యాయంగా వినిపిస్తుంది, నిజానికి హాని చేసే షరతు అదే. సంస్థ సహాయం కావాలనుకుంటే ఫలితంతో సంబంధం లేని రుసుము, చేసే పనుల వివరం, మానుకునే హక్కు, సొమ్ము వాపసు షరతు ఉన్న కాగితం అడగండి. అమ్మాయి మైనరు కనుక ఆ కాగితానికి బాధ్యులు మీరే అవుతారు.

ఇక కోచ్ మౌనం. అది నిరాసక్తత అనుకోనక్కర్లేదు. కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 సాఫ్ట్‌బాల్‌లో పదకొండో తరగతి విద్యా సంవత్సరం సెప్టెంబరు 1 వరకు కోచ్‌లు అమ్మాయితో గాని మీతో గాని రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. మీరే ఫోన్ చేసినా ఆ సంభాషణ సాగించకూడదు. తమ క్యాంపుకు వచ్చిన పిల్లతో కూడా ఆ విషయం ఎత్తకూడదు. క్యాంపు వివరాలు, ప్రశ్నావళి వంటివి మాత్రమే పంపవచ్చు. ఎనిమిదో, తొమ్మిదో తరగతి పిల్లలు నాలుగైదేళ్ల ముందే నోటిమాటగా కాలేజీకి కట్టుబడే ధోరణి మితిమీరడంతో 2018లో సాఫ్ట్‌బాల్‌కు ఈ కట్టుదిట్టం వచ్చింది. కోచ్ బయట కలవడం, కాలేజీ ఖర్చుతో చేసే అధికారిక సందర్శన, మీ సొంత ఖర్చుతో వెళ్లి కోచ్‌లతో రిక్రూటింగ్ విషయం మాట్లాడే సందర్శన కూడా ఆ తేదీ నుంచే మొదలవుతాయి. ఆ తర్వాత కూడా ఏడాది పొడవునా ఒకే నియమం ఉండదు. కోచ్‌లు ముఖాముఖి కలవకూడని డెడ్ పీరియడ్, కాలేజీ ఆవరణలో మాత్రమే కలవగల క్వయట్ పీరియడ్ వంటివి క్యాలెండర్‌లో ఉంటాయి గనుక ప్రయాణపు టిక్కెట్లు కొనేముందు ఆ ఏటి క్యాలెండర్ చూసుకోండి.

కోచ్‌లకు ఉన్న ఈ నిషేధం మీ అమ్మాయికి లేదు. వీడియోలు, మార్కులు, టోర్నమెంట్ల తేదీలు ఆమె ఎప్పుడైనా పంపవచ్చు. కోచ్‌లు చదువుతారు, ఆట చూడటానికి వస్తారు. అయితే నేరుగా చెప్పకూడని మాటను ట్రావెల్ టీమ్ కోచ్ ద్వారా చెప్పించడం కూడా నియమాల ఉల్లంఘనే. కాబట్టి ‘‘సీటు ఉన్నట్టే’’ అన్న కబురు నిజంగా యూనివర్సిటీ నుంచి వచ్చి ఉంటే అది రాకూడని మార్గంలో వచ్చింది. అటునుంచి రాకపోతే అది టీమ్ కోచ్ ఊహ. రెండిట్లో ఏదైనా దాని మీద ఆధారపడి మరో కాలేజీని వదులుకోవడం, ఖరీదైన టీమ్‌కు ఇంకో ఏడాది సొమ్ము కట్టడం తగదని నా అభిప్రాయం.

సెప్టెంబరు 1 తర్వాత కోచ్ స్వయంగా ఫోన్ చేసి చోటు ఇస్తామన్నా, మీ అమ్మాయి సరేనన్నా, ఆ మాట ఇరువైపులా ఎవరినీ చట్టపరంగా బంధించదు. కోచ్ ఉద్యోగం మారవచ్చు, అదే స్థానానికి మరో కాలేజీ నుంచి అనుభవమున్న ఆటగత్తె రావచ్చు, అమ్మాయి మనసే మారవచ్చు. స్కాలర్‌షిప్ గురించిన రాతపూర్వక ప్రతిపాదన పన్నెండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచి మాత్రమే ఇవ్వగలరు. సంతకాలు నవంబరులో మొదలవుతాయి. ఫలానా కాలేజీలోనే చేరతానని ఆటగాళ్లు సంతకం చేసే, దశాబ్దాల పాటు వాడుకలో ఉన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు నిలిచే పత్రం ఆర్థిక సహాయ ఒప్పందం ఒక్కటే.

ఆ ఒప్పందాన్ని ఇంతకుముందుకన్నా జాగ్రత్తగా చదవవలసిన కారణం ఒకటి ఉంది. ఆటగాళ్లకు చెల్లింపుల విషయమై ఎన్‌సీఏఏ మీద నడిచిన హౌస్ కేసు రాజీకి 2025 జూన్ 6న ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపారు. అంతకుముందు డివిజన్ 1 జట్టుకు సాఫ్ట్‌బాల్‌లో 12, బేస్‌బాల్‌లో 11.7 పూర్తి స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. కోచ్ వాటిని ముక్కలుగా పంచేవారు. రాజీలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో ఉండగల మొత్తం సంఖ్య మీద పరిమితి వచ్చింది: సాఫ్ట్‌బాల్‌కు 25, బేస్‌బాల్‌కు 34. అంటే స్కాలర్‌షిప్ ఇవ్వగల వెసులుబాటు పెరిగింది, జట్టులో చోటు తగ్గింది. ఎన్ని స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలన్నది మాత్రం ప్రతి కాలేజీ బడ్జెట్‌ను బట్టే ఉంటుంది. పాత పద్ధతిలో స్కాలర్‌షిప్ లేకుండా జట్టు చివర్లో చేరి మెల్లగా ఎదిగే పిల్లలకు ఈ మార్పు ఎక్కువ నష్టం చేస్తోంది, అది నన్ను బాధపెడుతోంది. అందువల్ల కోచ్‌ను సూటిగా అడగండి: మీ కాలేజీ ఆ రాజీలో చేరిందా, అమ్మాయి చేరే ఏడాది జట్టులో తన స్థానంలో ఎందరు ఉంటారు, సహాయం ఒక సంవత్సరానికా నాలుగేళ్లకా, గాయమైతే ఏమవుతుంది, జట్టు నుంచి తప్పించినా స్కాలర్‌షిప్ కొనసాగుతుందా. జవాబులు ఒప్పందంలో అక్షరాలుగా ఉండాలి. సహాయాన్ని తగ్గించినా రద్దు చేసినా కాలేజీలో విచారణ కోరే హక్కు విద్యార్థికి ఉంటుంది.

చదువు సంగతి మీ కుటుంబానికి పెద్ద చిక్కు కాకపోవచ్చు, అయినా ఒక్క మెలిక చెప్పాలి. డివిజన్ 1లో ఆడటానికి ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ గుర్తించిన 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 సగటు గ్రేడు (జీపీఏ) అవసరం. పన్నెండో తరగతి మొదలయ్యేలోగా అందులో 10 పూర్తి కావాలి. ఆ పదిలో ఏడు ఇంగ్లిషు, గణితం, సైన్సుల్లో ఉండాలి. శాట్, ఏసీటీ ప్రవేశ పరీక్షల మార్కుల నిబంధనను 2023లో తొలగించారు. మన పిల్లలు త్వరగా ముందుకు వెళ్లాలని వేసవిలో ఆన్‌లైన్‌లో కోర్సులు పూర్తి చేస్తుంటారు. ఆ కోర్సు ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో లేకపోతే ఎంత మంచి గ్రేడు వచ్చినా లెక్కకు రాదు. ఎనిమిదో తరగతిలో చదివిన ఆల్జీబ్రా హైస్కూలు ట్రాన్‌స్క్రిప్టులో గ్రేడుతో, క్రెడిట్‌తో నమోదై ఉంటే పనికి వస్తుంది. స్కూలు కౌన్సెలర్‌ను అడిగి ఈ ఏడాదే సరిచూసుకోండి.

మీ వీసా స్థితి ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. హెచ్-4 మీద ఉన్న అమ్మాయి కాలేజీలో చదువుకోవచ్చు, యూనివర్సిటీ ఇచ్చే క్రీడా స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. అది విద్యా సహాయమే గాని జీతం కాదు. అయితే పెల్ గ్రాంట్ వంటి ఫెడరల్ సహాయానికి హెచ్-4 విద్యార్థులు అర్హులు కారు. కోచ్‌లు చాలాసార్లు ‘‘క్రీడల సొమ్ము ఇంత, మిగతాది ఇతర సహాయంతో సర్దుతాం’’ అంటారు. ఆ ‘‘ఇతర సహాయం’’లో ఫెడరల్ సొమ్ము ఎంతో తెలియకుండా ఒప్పుకుంటే చివరికి ఆ వాటా మీ చేతి నుంచి కట్టాల్సి వస్తుంది. వీసా స్థితి ముందుగా చెప్పి, ఆ లెక్కను ఆర్థిక సహాయ కార్యాలయం నుంచి రాతలో తెప్పించుకోండి.

పేరు, రూపం వాడుకున్నందుకు ఆటగాళ్లకు ఇచ్చే ఎన్‌ఐఎల్ సొమ్ము, ఇప్పుడు కాలేజీలే నేరుగా పంచే ఆదాయ వాటా వేరే విషయం. ఎన్‌సీఏఏ అనుమతించింది కదా అని వలస చట్టం అనుమతించినట్టు కాదు. మీ అమ్మాయికి పనిచేసే అనుమతి లేదు. ప్రకటనలో కనిపించడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కంపెనీ గురించి పోస్టు పెట్టి డబ్బు తీసుకోవడం, పిల్లలకు శిక్షణ ఇచ్చి రుసుము తీసుకోవడం అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించబడి, రేపటి గ్రీన్‌కార్డు దరఖాస్తుకే అడ్డు రావచ్చు. డబ్బుకు బదులు బూట్లు, బ్యాట్లు తీసుకున్నా ప్రతిఫలం ప్రతిఫలమే. 21 ఏళ్లు నిండితే హెచ్-4 ఉండదు. అప్పటికి వంతు రాకపోతే సాధారణంగా విద్యార్థి హోదా అయిన ఎఫ్-1కు మారాలి, కాలేజీ చదువు మధ్యలోనే ఆ పుట్టినరోజు వస్తుంది. ఎఫ్-1లోనూ బయటి పనికి కఠినమైన పరిమితులే. మీ వంతు వచ్చి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 దాఖలు చేశాక అమ్మాయికి ఉద్యోగ అనుమతి కార్డు వస్తే అప్పుడు ఈ తలుపు తెరుచుకుంటుంది. అంతవరకు ఏ ఎన్‌ఐఎల్ కాగితమైనా వలస న్యాయవాదికి చూపించకుండా సంతకం చెయ్యవద్దు. క్రీడా నిబంధనల అమలు చూసే కాలేజీ కంప్లయన్స్ ఆఫీసు మాట ఒక్కటే సరిపోదు. పన్ను విషయం కూడా గుర్తుంచుకోండి: ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు ఇచ్చిన స్కాలర్‌షిప్ భాగానికి పన్ను ఉండదు, వసతి, భోజనాలకు ఇచ్చిన భాగం ఆదాయంగా లెక్కకు వస్తుంది.

మిగతా దారులు కూడా చూడండి. డివిజన్ 2 కోచ్‌లు పదకొండో తరగతికి ముందు వచ్చే జూన్ 15 నుంచే మాట్లాడగలరు. డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్‌లు లేవు, కాని ఫోన్లు, ఈమెయిళ్ల మీద తేదీల కట్టడి కూడా లేదు. ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ 1లోనే ఉన్నా క్రీడా స్కాలర్‌షిప్ ఇవ్వవు, హౌస్ రాజీలోనూ చేరలేదు. అక్కడ కోచ్ సిఫారసు చేస్తారు, నిర్ణయించేది అడ్మిషన్ల కార్యాలయం. పన్నెండో తరగతి అక్టోబరు 1 తర్వాత ప్రవేశం దాదాపు ఖాయమని ఆ కార్యాలయం నుంచి వచ్చే ‘లైక్లీ లెటర్’ దాకా కోచ్ ఎంత ఉత్సాహంగా మాట్లాడినా చేతిలో ఏమీ లేనట్టే.

మీ అబ్బాయి సంగతి. డివిజన్ 1 బేస్‌బాల్‌లో ఫోన్లు, సందేశాలు పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచి, సందర్శనలు, బయట కలవడం ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మొదలవుతాయి. బేస్‌బాల్‌లో అదనంగా, వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే మేజర్ లీగ్ డ్రాఫ్టు ఉంది: హైస్కూలు ముగిసిన వెంటనే ఎంపిక కావచ్చు, నాలుగేళ్ల కాలేజీలో చేరితే మాత్రం మూడో సంవత్సరం పూర్తయ్యేదాకా లేదా 21 ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. డ్రాఫ్టు చర్చల్లో న్యాయవాది కూర్చున్నందుకు ఓక్లహోమా స్టేట్ పిచర్ ఆండ్రూ ఆలివర్ 2008లో అర్హత కోల్పోయాడు. 2009లో ఒహైయో కోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చాక ఎన్‌సీఏఏ 7,50,000 డాలర్లకు రాజీ పడింది. 2016 నుంచి డ్రాఫ్టయిన హైస్కూలు ఆటగాడు బేరసారాలకు ఏజెంటును పెట్టుకోవచ్చు, కాని కాలేజీ ఎంచుకుంటే చేరేలోగా ఆ సంబంధం ముగించాలి, ఏజెంటు నుంచి ఏ లాభమూ పొంది ఉండకూడదు. అప్పటివరకు ‘‘సలహాదారు’’ పేరుతో వచ్చే ఎవరి బహుమతీ, ఎవరి ప్రయాణ ఖర్చూ తీసుకోకండి.