పెళ్లి వీడియోల స్టూడియోకు థ్రెడ్‌రిప్పర్ అవసరమా?

కర్నూలులో స్టూడియో, పని పెళ్లి ఆల్బమ్‌లూ వీడియోలూ. కంప్యూటర్‌కు ఏఎండీ ప్రాసెసర్లలో రైజెన్ 9 7950ఎక్స్ కొనాలా, థ్రెడ్‌రిప్పర్ 7960ఎక్స్ కొనాలా అన్నది మీ ప్రశ్న. రైజెన్ చాలు.

రెండింటిలోనూ ఉన్నది ఒకే తరం జెన్ 4 కోర్లే (కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం). రైజెన్‌లో 16, థ్రెడ్‌రిప్పర్‌లో 24. అయితే గరిష్ఠ వేగం రైజెన్‌దే ఎక్కువ: 5.7 గిగాహెర్ట్జ్, రెండోదానిది 5.3. ఫొటోషాప్‌లో ఆల్బమ్ పేజీ తెరిచి వధువు ముఖం మీద మచ్చ తుడిచేటప్పుడు పనిచేసేది ఒకటి రెండు కోర్లే, మిగతావి చేతులు కట్టుకుని కూర్చుంటాయి. వీడియో ఎక్స్‌పోర్ట్ భారం చాలావరకు గ్రాఫిక్స్ కార్డు మోస్తుంది.

థ్రెడ్‌రిప్పర్ బలం వేరే చోట ఉంది. మెమరీకి రెండు దారుల బదులు నాలుగు. గ్రాఫిక్స్ కార్డులు రెండు మూడు పెట్టినా ఇరుకు ఉండదు. రోజంతా త్రీడీ రెండరింగ్ చేసేవారికి అది బంగారం. కానీ మామూలు ర్యామ్ అందులో పనికిరాదు, సర్వర్లలో వాడే ఖరీదైన రిజిస్టర్డ్ ర్యామే కావాలి. మదర్‌బోర్డూ వేరే. విడుదలప్పుడు ప్రాసెసర్ ధరే 1,499 డాలర్లు, రైజెన్‌ది 699.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోండి. థ్రెడ్‌రిప్పర్ టీడీపీ, అంటే భారం పడ్డప్పుడు అది వదిలే వేడి లెక్క, 350 వాట్లు, రైజెన్‌ది 170. మే నెలలో ఏసీ లేని గదిలో అంత వేడి అంటే మీకే ఉక్కపోత. కరెంటు పోతే యూపీఎస్ కూడా పెద్దదే ఉండాలి. మిగిలిన డబ్బుతో మంచి గ్రాఫిక్స్ కార్డు, 64 జీబీ ర్యామ్ తీసుకోండి.