నా కంటే వెనక ర్యాంకుకు రూర్కెలాలో సీఎస్‌ఈ ఎలా వచ్చింది?

బాబూ, నీ ప్రశ్నలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. ఒడిశాలోని రాయగడలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌కు విశాఖ వెళ్లావు. నీ కంటే రెండు వేలు వెనక ర్యాంకు వచ్చిన మీ వీధి కుర్రాడికి రూర్కెలా ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ వచ్చింది, నీకు రాలేదు. ఇంటర్వ్యూ చేసి తీసుకునే మరో సంస్థ కారణం చెప్పకుండా కాదంది. ఇదంతా లాటరీయేనా, బంధువులకు ముఖం ఎలా చూపించాలి అని అడిగావు. నేను బరంపురంలో ప్లస్ టూ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా అమ్మాయి కూడా ఈ మధ్యే ఈ వ్యవహారమంతా దాటి వచ్చింది. అందుకని రెండు వైపుల నుంచీ చెప్పగలను.

రూర్కెలా సంగతి ముందు తేలుద్దాం, ఎందుకంటే అది లాటరీ కాదు, నిబంధన. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి, సగం బయటివాళ్లవి. సొంత రాష్ట్రం అంటే నువ్వు పుట్టిన ఊరు కాదు, మీ నాన్నగారి రేషన్ కార్డు ఉన్న చోటూ కాదు. పన్నెండో తరగతి మొట్టమొదట ఏ రాష్ట్రంలో పాసయ్యావో అదే. కాబట్టి కాగితం మీద నువ్వు ఆంధ్రా విద్యార్థివి, నీ సొంత ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలో ఉంది. రూర్కెలాలో నువ్వు మిగతా దేశమంతటితో పోటీ పడ్డావు. మీ వీధి కుర్రాడు రాయగడలోనే ప్లస్ టూ చదివాడు కనుక ఒడిశా వాళ్లతో మాత్రమే పోటీ పడ్డాడు. వాడు నిన్ను దాటి వెళ్లలేదు, నువ్వు నిలబడ్డ వరుసలో వాడు అసలు లేనే లేడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆంధ్రా రాష్ట్ర కాలేజీల దగ్గరికి వెళితే అక్కడి లెక్క వేరు. స్థానికుడివి కావాలంటే ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. నువ్వు చదివింది రెండే. ఎన్‌ఐటీ వాళ్లకు ఆంధ్రావాడివి, ఆంధ్రా వాళ్లకు ఒడిశావాడివి. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఈ ప్రాంతాన్ని విడదీసి ఒడిశాలో కలిపినప్పుడు మా తాతల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ప్రతి వేసవిలోనూ ఇక్కడి హోటల్ హాళ్లలో సదస్సులు పెట్టి పిల్లల్ని ఆ గీత దాటించే కోచింగ్ ఏజెంట్లు హాస్టల్ ఫీజు గురించి గంటసేపు చెబుతారు, ఈ ఒక్క నిబంధన మాత్రం చెప్పరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మళ్లీ ఒడిశా బోర్డులో ప్లస్ టూ రాస్తే మారుతుంది కదా అని నిన్న ఒక తండ్రి అడిగారు. మారదు. మొదటిసారి పాసైన రాష్ట్రమే లెక్క. నీకూ ఎవరైనా ఆ సలహా ఇస్తే ఒక ఏడాది పోగొట్టుకోకు. ఐఐటీల్లో ఈ సొంత రాష్ట్రం గొడవ లేదు, ఎక్కడ చదివినా ఒకటే వరుస.

ఇక ర్యాంకు. ఎన్‌ఐటీ సీట్లకు రాసే జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైన జవాబుకు నాలుగు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. అంటే ఒక్క ప్రశ్న దగ్గర చెయ్యి అటు పడితే, ఇటు పడితే తేడా ఐదు మార్కులు. రాసేవాళ్లు 14 లక్షలు దాటిన ఈ రోజుల్లో ఒక్క పర్సంటైల్ (రాసినవాళ్లలో నూటికి ఒక వంతు) అంటేనే దాదాపు 14 వేల మంది, కాబట్టి పైవైపున ఆ ఐదు మార్కులకు వేల ర్యాంకులు అటూ ఇటూ అవుతాయి. పైగా వేరు వేరు షిఫ్టుల పేపర్లను సమం చెయ్యడానికి దశాంశ బిందువు తర్వాత ఏడు అంకెల దాకా పర్సంటైల్ కడతారు. నేను ఏళ్ల తరబడి పేపర్లు దిద్దుతున్నదాన్ని. 71 వచ్చిన పిల్లవాడికీ 73 వచ్చిన పిల్లవాడికీ చదువులో తేడా ఏమిటో చెప్పమంటే చెప్పలేను. యంత్రం ఏడో అంకె దాకా చెబుతుంది, ఎందుకంటే సీట్లు పంచాలంటే ఎవరో ఒకరిని ముందు నిలబెట్టక తప్పదు. పరీక్ష పనికిమాలినదని నేను అనడం లేదు. ఐదు వేల ర్యాంకుకూ లక్ష ర్యాంకుకూ తేడా నిజమైనదే. ఐదు వేలకూ ఏడు వేలకూ మధ్య ఉన్నదాన్ని మాత్రం నీ బుర్ర విలువగా చదువుకోకు.

అమ్మాయిల కోటా వల్ల నా సీటు పోయిందని రాశావు. 2018 నుంచి ఇస్తున్న ఆ సీట్లు అదనంగా సృష్టించినవి, అబ్బాయిల సంఖ్య తగ్గించి తీసినవి కావు. మా ఇంట్లో ఈ మాట చాలా విన్నాం కాబట్టి ఇంతకంటే పొడిగించను.

అసలైన లాటరీ ఆ ఇంటర్వ్యూలో ఉంది. మా అమ్మాయి కూడా అలాంటి ఒక సంస్థకు వెళ్లింది. గళ్ల మీద పలకలు పరిచే లెక్క ఇచ్చారట, చేసింది. ఎందుకు అలా చేశావని అడిగారట, చెప్పింది. వాళ్లూ నవ్వుతూ మాట్లాడారని సంబరంగా బయటికి వచ్చింది. తర్వాత వచ్చింది ఒక్క వాక్యం, ఎంపిక కాలేదని. చాలా రోజులు ఆ అరగంటనే మళ్లీ మళ్లీ తలుచుకుని, ఏ మాట దగ్గర తప్పు జరిగిందో వెతుక్కుంది. ప్రాక్టికల్స్‌లో మౌఖిక పరీక్షలు చేసే బల్లకు ఇవతల కూర్చునే మనిషిని నేను. పొద్దున వచ్చినవాళ్లను ఎలా అడుగుతామో, మధ్యాహ్నం నాలుగింటికి వచ్చినవాళ్లను ఎలా అడుగుతామో నాకు తెలుసు. స్పష్టంగా తీసుకోవలసిన కొందరు కనిపిస్తారు, స్పష్టంగా వద్దనవలసిన కొందరు కనిపిస్తారు. మధ్యలో మిగిలిన పెద్ద గుంపులో ఎవరిని తీసుకున్నా తప్పు కాదు, వదిలేసినా తప్పు కాదు. సీట్లు మాత్రం గుప్పెడే ఉంటాయి. అలాంటి చోట కారణం నీ దగ్గర దాచారని అనుకుంటావు గాని, చెప్పదగ్గ కారణం చాలాసార్లు వాళ్ల దగ్గరా ఉండదు. ఈ మాట మా అమ్మాయికి వెంటనే రుచించలేదు. కారణం లేదనడం కంటే తనదే తప్పనుకోవడం తేలికనిపించింది ఆమెకు, కనీసం దిద్దుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది కదా.

ఇంట్లో ఏం చేశామంటావా? రథయాత్ర రోజుల్లోనే ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ రౌండ్లు నడుస్తాయి, చుట్టాలందరూ వచ్చేదీ అప్పుడే. ఫలితం ముందు అమ్మాయి చూడాలి, మాకు చెప్పాలనిపించినప్పుడే చెప్పాలి అని పెట్టుకున్నాం. అడిగినవాళ్లందరికీ వాళ్ల నాన్నగారిది ఒకటే జవాబు: రౌండ్లు ఇంకా అవలేదు. అబద్ధమూ కాదు, అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. కటాఫ్‌లు జోస్యం చెప్పే ఫోను గ్రూపుల నుంచి ఆమె తనంతట తానే బయటికి వచ్చేసింది, నా మాటలన్నిటి కంటే ఎక్కువ పని చేసింది అదే. పని చెయ్యనిది మాత్రం అంతా మన మంచికే అనే ఓదార్పు. పద్దెనిమిదేళ్ల పిల్లకు సీటు పోతే అది నష్టమే. కోపం రానివ్వాలి, ఏడవనివ్వాలి. నిద్ర పట్టక, తిండి సహించక రోజులు గడుస్తుంటే 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

చివరికి ఆమె ముందు రెండు దారులు మిగిలాయి. దూరపు ఎన్‌ఐటీ ఒకదానిలో ఎలక్ట్రానిక్స్, బుర్లాలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్. బుర్లాకు వెళ్లింది. విశాఖలో ఉన్న మా ఆడపడుచు, బుర్లా ఎక్కడుంది వదినా అని అడిగింది. 1956లో మొదలైంది, ఒడిశాలో మొట్టమొదటి ఇంజనీరింగ్ కాలేజీ అని చెబితే అయితే మంచిదే అంది, ఆ గొంతులో నమ్మకం నాకేమీ వినపడలేదు. అమ్మాయి సంతోషంగానే ఉంది. అప్పుడప్పుడు ఆ ఇంటర్వ్యూ పేరెత్తితే ఇప్పటికీ ముఖం ముడుచుకుంటుంది.

నీ చేతిలో ఇంకా ఉన్న పని చెబుతాను. వచ్చే సీటును బట్టి కాదు, నిజంగా కావలసిన వరుసలో జాబితా పెట్టు. పైన ఆశకు పోయి ఐఐటీలు పెడితే కింది సీటు చేజారుతుందని మీ స్నేహితులు అంటున్నారు, అది అపోహ. జోసా పద్ధతిలో పైది రాకపోతే నీ ర్యాంకు కిందిదాని దగ్గరికి అంతే బలంతో వస్తుంది. ఇప్పుడు వచ్చిన సీటుకు డబ్బు కట్టి ఫ్లోట్ ఎంచుకుంటే అది చేతిలో ఉంటూనే పైది ఖాళీ అయితే మారుతుంది. కట్టకపోతే వరుసలోంచే తప్పిస్తారు. ఓబీసీ ధ్రువపత్రం ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి, పాతది తీసుకెళ్లి అక్కడ కంగారు పడవద్దు. మీ కులం కేంద్ర జాబితాలో ఒడిశా కింద ఉందో లేదో కూడా చూసుకో, మన వైపు చాలామందికి ఆంధ్రా జాబితాలో ఉన్న పేరు ఇక్కడి జాబితాలో కనిపించదు.

జోసా ముగిశాక ఎన్‌ఐటీల్లో మిగిలిన సీట్లకు సీశాబ్ అనే మరో బోర్డు ప్రత్యేక రౌండ్లు ఉంటాయి. వాటికి మళ్లీ విడిగా నమోదు చేసుకుని రుసుము కట్టాలి, జోసాలో ఉన్నాను కదా అని ఊరుకుంటే ఎవరూ పిలవరు. తేదీలు రాగానే చూసుకో. జాబితా పెట్టాక కావాలంటే ఇక్కడే రాయి, చూసి చెబుతాను.